బొమ్మకెక్కిన అధికారులు

మా కొత్తరేవు మునిసిపాలిటీకి ప్రాంతీయ సంచాలకులవారు తనిఖీకి వచ్చిన రోజున, ఆయన మంచినీళ్ళ గ్లాసు కింద పెట్టడానికి ఏదో ఒక కాగితం కావలసివచ్చింది. బంట్రోతు చేతికందిన 'రేవు వార్త' వారపత్రికను నాలుగు మడతలు పెట్టి గ్లాసు కిందికి తోశాడు. ఆ తరవాత మా ఆఫీసులో జరిగినదానికంతటికీ మొదలు అదే.

సంచాలకులవారు గ్లాసెత్తి రెండు గుక్కలు తాగి, అది కింద పెట్టబోతూ ఆగారు. తడిసిన కాగితం మీద మా కమిషనరు హయగ్రీవరావుగారి బొమ్మ ఉంది. బొమ్మలో ఆయన బారెడు ముక్కుతో, మోకాళ్ళ లోతు మురుగునీళ్ళలో నిలబడి, ఒక చేత్తో గొడుగు తిరగేసి పట్టుకుని, రెండో చేత్తో రిబ్బను కత్తిరిస్తున్నారు. వెనకాల 'పట్టణ ప్రజలకు ఈతకొలను అంకితం' అని బోర్డు. ఓ మూల ఒక మేక ఆ రిబ్బను రెండో కొసను తీరుబడిగా నములుతోంది.

సంచాలకులవారు ఆ కాగితాన్ని వెలుగులోకి ఎత్తి పట్టుకున్నారు.

"ఇది నువ్వేనా?" అన్నారు సంచాలకులవారు.

"నేనే సార్. కాని ఆ ముక్కు నాది కాదు సార్. చట్టపరంగా చర్య తీసుకుంటున్నాం" అన్నారు కమిషనరుగారు.

"ముక్కొక్కటే నీదయ్యా! మిగతాదంతా ఎవరిదైనా కావచ్చు!" అని సంచాలకులవారు పడీపడీ నవ్వారు. జేబురుమాలుతో కళ్ళు తుడుచుకున్నారు. తుడుచుకున్నాక ఉన్నట్టుండి దిగులుగా అయిపోయారు. "ఇంత సర్వీసు చేశాను. నన్నెవడూ బొమ్మ గీయలేదు. ఊళ్ళో జనానికి తెలియని అధికారిని ఎవడు గీస్తాడు చెప్పు? బొమ్మకెక్కాడంటే ప్రజల్లో ఉన్నాడన్నమాట."

ఈ మాటల్ని ఆయన మరిచిపోయి ఉంటే బాగుండేది. కాని పెద్ద అధికారులు మరిచిపోదగిన మాటలే ముందు కాగితం మీద పెడతారు. పక్షం తిరక్కుండా సర్క్యులర్ వచ్చింది. 'ప్రజలతో గల సాన్నిహిత్యమునకు నిదర్శనముగా, ప్రతి అధికారియు తనపై ప్రచురితమైన వ్యంగ్య చిత్రమును ధ్రువీకరించి, వార్షిక పనితీరు నివేదికకు జతపరచవలెను. వ్యంగ్యము లేని చిత్రములు పరిగణింపబడవు' అని అందులో ఉంది. పదోన్నతులకు కూడా ఇది వర్తిస్తుందని చివర ఒక ముక్క.

నా పేరు కోటిలింగం. ఆ ఆఫీసులో పౌరసంబంధాల గుమాస్తాని. కార్టూన్లంటే నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టం. ఇంటికి వారపత్రిక వస్తే వెనక పేజీ నుంచి మొదలుపెట్టి బొమ్మలన్నీ చూశాకే దాన్ని అమ్మకిచ్చేవాణ్ణి. ఆ కారణంగా సర్క్యులర్ అమలు నా నెత్తిన పడింది.

ఊళ్ళో కార్టూనిస్టు ఒక్కరే. భద్రావతి టీచరుగారు. ఆడపిల్లల హైస్కూల్లో డ్రాయింగు చెప్పి రిటైరయ్యారు. 'సూది' అన్న పేరుతో వారం వారం 'రేవు వార్త'లో గీస్తారు. ఊరంతా ఆవిడ బొమ్మ కోసమే ఆ పత్రిక కొంటుందని సంపాదకుడు గవర్రాజుగారికి కూడా తెలుసు గనక, సంపాదకీయం లోపలి పేజీలోకి నెట్టి బొమ్మను ముందు పేజీలో వేస్తారు.

ఆ బొమ్మల్లో ఏముంటుందని అడిగితే చెప్పడం కష్టం. గీతలు చాలా తక్కువ. ఒక నడుం వంపు, ఒక చెయ్యి, చంకలో ఫైలు. అంతే, అది మా రెవెన్యూ ఇన్‌స్పెక్టరుగారని బడ్డీకొట్టు దగ్గర అందరూ ఒకేసారి అంటారు. మనం రోజూ చూస్తూ పైకి అనకుండా మింగినదాన్ని ఆవిడ గీసిపెడతారు. ఎవరినీ అసహ్యంగా గీయరు. బొమ్మలో తిట్టు తిన్నవాడి మీద కూడా చూసేవాడికి కాస్త జాలి మిగులుతుంది. ఇక ప్రతి బొమ్మలోనూ ఉండే ఆ మేక సరేసరి. ఈ వారం అదేం తింటోందో చూసిగాని జనం అసలు బొమ్మ చూడరు.

బొమ్మ పూర్తయ్యాక టీచరుగారు దాన్ని భర్త పట్టాభిగారి కాఫీ గ్లాసు పక్కన పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోతారు. ఆయన టెలిఫోన్ ఆఫీసులో రిటైరైన మనిషి. చూడగానే పకపకా నవ్వారంటే ఆవిడ ఆ కాగితం చింపేస్తారు. మొరటుగా ఉందన్నమాట. ఒకసారి చూసి, కాఫీ తాగి, మళ్ళీ ఇంకోసారి చూసి మీసంలో నవ్వుకుంటే, అది గవర్రాజుగారికి వెళుతుంది.

సర్క్యులర్‌కి ముందు ఆ బొమ్మలకి పని ఉండేది. మార్కెట్టు వీధిలో దీపాలు వెలగడం లేదని జనం ఎన్ని అర్జీలిచ్చినా కదలనివాళ్ళం, టార్చిలైటు వేసుకుని దీపస్తంభాన్ని వెతుక్కుంటున్న లైన్‌మన్ బొమ్మ పడ్డ మర్నాటికే దీపాలు వెలిగించాం. కమిషనరుగారికి ఆవిడంటే అంత భయం.

సర్క్యులర్ వచ్చాక భయం పోయి భక్తి వచ్చింది.

ముందుగా ఇంజనీరు ఆంజనేయప్రసాద్‌గారు నన్ను వెంటబెట్టుకుని టీచరుగారింటికి వెళ్ళారు. చేతిలో కాజాల పొట్లం.

"టీచరుగారూ, మీరు నన్నొకసారి ఎగతాళి చెయ్యాలండి" అన్నారు వినయంగా.

"ఎందుకండీ? మీరేం చేశారని?" అన్నారావిడ.

"నేనా? నేనేం చెయ్యలేదండి."

"చెయ్యకపోతే ఎలా గీస్తానండీ?"

ఇంజనీరుగారు కాజాల పొట్లం బల్లమీద పెట్టారు. తరవాత గొంతు తగ్గించి, "పోయినేడు శివాలయం వీధిలో సిమెంటు రోడ్డు వేశామండి. వానొస్తే మొత్తం కొట్టుకుపోయింది. అది నేనేనండి" అన్నారు.

"అదప్పుడే గీశాగా. రోడ్డు పడవెక్కి వెళ్ళిపోతున్నట్టు."

"అందులో నేను లేనండి! కాంట్రాక్టరొక్కణ్ణే వేశారు. మొదటి నుంచీ నాకన్యాయం జరుగుతూనే ఉందండి" అని ఆయన నిజంగానే బాధపడ్డారు.

లోపల్నుంచి పట్టాభిగారు, "పోనీ పాపం, ఇకముందు ఏవన్నా చేస్తే గీద్దూలేవే" అన్నారు.

ఆయన హాస్యానికన్న మాట అది. ఇంజనీరుగారు దాన్ని హామీగా తీసుకున్నారు. పది రోజుల్లో బస్టాండు దగ్గర ప్రయాణికుల షెల్టరు కట్టించారు. దాని ముఖం గోడవైపు ఉంది. లోపల కూర్చున్నవాళ్ళకి బస్సు వచ్చిందీ పోయిందీ తెలియదు. ఎవరైనా అడిగితే, "గీయనివ్వండి, చూద్దాం" అనేవారు. టీచరుగారు గీశారు. షెల్టర్లో జనం గోడకి చెవులానించి బస్సు చప్పుడు వింటున్నారు. ఇంజనీరుగారు స్టెతస్కోపు అద్దెకిస్తున్నారు. మేక టైంటేబుల్ తింటోంది. ఆయన ఆ బొమ్మను గెజిటెడ్ అధికారి చేత ధ్రువీకరింపజేసి, ఆనందం పట్టలేక ఆఫీసులో అందరికీ బూందీ లడ్డూలు పంచారు.

ఇక మిగతావాళ్ళు ఊరుకుంటారా? శానిటరీ ఇన్‌స్పెక్టరు నూకరాజుగారు చెత్తకుండీలకు పూలదండలు వేసి ప్రారంభోత్సవాలు చేశారు. టౌన్‌ప్లానింగువారు పార్కులో బెంచీల మీద 'కూర్చొనరాదు' అని రాయించారు. బొమ్మకెక్కని వారు బొమ్మకెక్కిన వారిని చూసి కుమిలిపోయారు.

కొన్నాళ్ళకి నీలాల వీధి నుంచి సూరమ్మ అనే ఆవిడ టీచరుగారి దగ్గరికి వచ్చింది. సూరమ్మ ఇడ్లీలు వేసి అమ్ముతుంది.

"టీచరుగారండీ, మా కుళాయిలో టీనీళ్ళలాగా వత్తన్నాయండి. అర్జీ పెట్టామండి. ఆయ్, లాభం లేదు. మీరో బొమ్మేసి పెట్టండి, రేపే బాగుచేసేత్తారు" అంది.

టీచరుగారు గీశారు. కమిషనరుగారు టీకొట్టు పెట్టి, కుళాయి తిప్పి గ్లాసులు నింపుతున్నారు. 'పాలు, పంచదార ఎవరివి వారే తెచ్చుకొనవలెను' అని బోర్డు. చాలా మంచి బొమ్మ. పట్టాభిగారు మూడుసార్లు చూశారట.

కమిషనరుగారు దానికి ఫ్రేము కట్టించి తన కుర్చీ వెనకాల తగిలించుకున్నారు. ఒక నకలు సంచాలకులవారికి పంపారు. 'కొత్తరేవు తక్కిన పట్టణములకు ఆదర్శము' అని జవాబొచ్చింది.

"సార్, నీలాల వీధి పైపు మార్పించమంటారా?" అని అడిగాను.

"తొందరేముందయ్యా కోటిలింగం? ఆ నీళ్ళ మీద ఇంకో రెండు బొమ్మలొస్తాయి" అన్నారాయన.

ఇంతలో ఆఫీసులో వేరే తగాదా లేచింది. షెల్టరు బొమ్మలో ఇంజనీరుగారి ముక్కు, టీకొట్టు బొమ్మలో కమిషనరుగారి ముక్కుకన్నా పొడవుగా ఉందని ఎవరో స్కేలు పెట్టి కొలిచారు. కమిషనరుగారు నొచ్చుకున్నారు. ఇది క్రమశిక్షణకు సంబంధించిన విషయమని వెంటనే 'వ్యంగ్య చిత్ర సమన్వయ సంఘం' ఏర్పాటైంది. విభాగాధిపతులు సభ్యులు. నేను కార్యదర్శిని. ఇకపై బొమ్మ అచ్చుకి వెళ్ళే ముందు సంఘం చూడాలి. చూడని బొమ్మను ఏ అధికారీ నివేదికకు జతపరచరాదు. మునిసిపాలిటీ ప్రకటనలు ఆగిపోతే పత్రిక నడవదు గనక గవర్రాజుగారు సరేనన్నారు. ఆయన ముఖం చూసి టీచరుగారు కూడా కాదనలేకపోయారు.

మొదటి సమావేశం చాలా ఉత్సాహంగా జరిగింది. క్రింది అధికారి ముక్కు పై అధికారి ముక్కును మించరాదని తీర్మానించారు. పొట్టలు జీతాల శ్రేణిని అనుసరించి ఉండాలన్నారు.

"బొమ్మలో వెనకున్న ఇంటికి కిటికీ రోడ్డు మీదికి తెరుచుకుంటోంది. నిబంధనలకు విరుద్ధము. మేము అనుమతించలేము" అన్నారు టౌన్‌ప్లానింగువారు.

"ఈ మేక ఎవరిది? మెడలో పట్టీ లేదు. వీధుల్లో పశువులను విడిచిపెట్టరాదని మనమే దండోరా వేయించాం" అన్నారు నూకరాజుగారు.

"'ఇదేం రోడ్డండీ?' అని కింద రాశారు. దీనివలన అక్కడ రోడ్డున్నట్టు అంగీకరించినట్టవుతుంది. ఆ విషయం కోర్టులో ఉంది" అన్నారు న్యాయ సలహాదారు.

చివరికి సంఘం ఆమోదించిన బొమ్మ అచ్చయింది. అందులో సమానమైన ముక్కులు గల నలుగురు మనుషులు కిటికీలు లేని గోడ ముందు నిలబడి ఉన్నారు. మేక స్థానంలో 'మేక తొలగింపబడినది' అని ఉంది. ఆ వారం పత్రికలు బడ్డీకొట్లలో బొత్తులుబొత్తులుగా మిగిలిపోయాయి. నేను కూడా ఒకసారే చూశాను.

తరవాతి సోమవారం బొమ్మ కోసం టీచరుగారింటికి వెళ్ళాను. బల్ల మీద తెల్లకాగితం ఉంది. ఆవిడ పెన్సిలు చెక్కుతున్నారు, చెక్కుతూనే ఉన్నారు.

"సూరమ్మ మనవరాలికి కామెర్లొచ్చాయి కోటిలింగంగారూ. పిల్ల ఆస్పత్రిలో ఉంది. ఇప్పుడే చూసొచ్చాం" అన్నారు.

ఆవిడ పెన్సిలు మొన చూసి మళ్ళీ చెక్కసాగారు.

"నా బొమ్మ చూసి మీ ఆఫీసులో నవ్వుకున్నారటగా? ఫ్రేము కూడా కట్టించారట. నేను గీయకపోతే ఆ పైపు ఎప్పుడో మార్చేవారేమో!"

"అలా అనకండి టీచరుగారూ" అన్నాను. కాని ఆవిడన్నది నిజం. ఇంకో రెండు బొమ్మల సంగతి నాకు తెలుసు.

పట్టాభిగారు పేపరు మడిచి, "ఇక గీయకు. ఊళ్ళోవాళ్ళని తిట్టడానికి మనకేం పట్టింది? తిడితే సన్మానంలాగా ఉందాయె వాళ్ళకి" అన్నారు.

టీచరుగారు చెక్కడం ఆపి భర్త వైపు చూశారు. "అయితే పొగిడి చూద్దామా?" అన్నారు.

ఆ వారం ఆవిడ పంపిన బొమ్మను నేను సంఘం ముందు పెట్టాను. అందులో హయగ్రీవరావుగారు నిటారుగా నిలబడి ఉన్నారు. చక్కని ముక్కు, పొట్ట లేదు, ముఖంలో చిరునవ్వు. నీలాల వీధి కుళాయి దగ్గర గ్లాసు ఎత్తి నీళ్ళు తాగుతున్నారు. చుట్టూ ఆడవాళ్ళు చేతులు జోడించి చూస్తున్నారు. కింద, 'నీలాల వీధి నీటిని ప్రతిదినము తామే రుచి చూచు కమిషనరుగారు' అని రాసి ఉంది.

సభ్యులు ముగ్ధులైపోయారు. "ఇదీ బొమ్మంటే! ఇన్నాళ్ళకి ఆవిడకి చెయ్యి కుదిరింది" అన్నారు నూకరాజుగారు. ముక్కు కొలవాలని కూడా ఎవరికీ తట్టలేదు. ఇంజనీరుగారు మాత్రం, ఇందులో వ్యంగ్యం ఎక్కడుందని సందేహపడ్డారు. కమిషనరుగారు ఆయనవైపు చూసిన చూపుకి ఆ సందేహం తీరిపోయింది. 'చిత్రము సర్వవిధముల వాస్తవమును పోలియున్నది' అని తీర్మానం రాసి అందరూ సంతకాలు చేశారు. కమిషనరుగారు పెద్ద సంతకం చేశారు. బొమ్మ కిందే ఆ తీర్మానం కూడా వెయ్యాలని స్వయంగా ఆదేశించారు.

పత్రిక వచ్చిన రోజున బడ్డీకొట్టు దగ్గర జనం నవ్విన నవ్వు మా ఆఫీసు మేడమీదికి వినపడింది. ఎన్నాళ్ళకో విన్న నవ్వు. ముక్కులు చూసి నవ్విన రోజుల్లో కూడా ఇంత నవ్వలేదు. బొమ్మ చూసి నవ్వి, తీర్మానం చదివి మళ్ళీ మొదలుపెట్టారు. కమిషనరుగారు కిటికీ దగ్గర నిలబడి, "చూశావా, ఎంత అభిమానమో!" అన్నారు.

అభిమానులు మర్నాడు పొద్దున్నే వచ్చారు. ముందు సూరమ్మ, ఆమె వెనక నీలాల వీధి ఆడవాళ్ళు, ఎవరి చేతిలో చూసినా చెంబో బిందెనో. సూరమ్మ పత్రిక విప్పి కమిషనరుగారి ముఖం పక్కన పెట్టి చూసింది.

"ఈ బాబు తవరేనాండీ?"

"నేనే అమ్మా" అన్నారాయన మెత్తగా.

"కాదేమోనండి. ఈయన ముక్కు చిన్నదిగా ఉంది."

"నేనేనమ్మా! కింద సంతకం కూడా చేశాను చూడు."

"అలాగాండీ! మరి రోజూ మా ఈదికొచ్చి తాగుతారని రాశారు. ఎండన పడి ఎందుకులే బాబుకి శ్రమ అని మేవే తెచ్చామండి" అని సూరమ్మ స్టీలు గ్లాసు నింపి బల్లమీద పెట్టింది. చెంబుల వాళ్ళంతా ఒకరి వెనక ఒకరు నిలబడ్డారు.

గ్లాసులో నీళ్ళు టీ రంగులోనే ఉన్నాయి. అడుగున ఏదో కదిలింది కూడా. కమిషనరుగారు గ్లాసు చూశారు, బొమ్మ చూశారు, నావైపు చూశారు. నేను తీర్మానం వైపు చూశాను.

"ముందు నమూనా పరీక్షకి పంపాలి" అన్నారు ఇంజనీరుగారు సాయపడదామని.

"రోజూ తాగే నీళ్ళకి పరీచ్చేంటండీ బాబూ?" అంది సూరమ్మ. తరవాత గొంతు కొంచెం మారింది. "మా పిల్ల ఈ నీళ్ళే తాగి ఆస్పత్రిలో పడుందండి. పరీచ్చ అయిపోయినట్టే."

కమిషనరుగారి చెవులు ఎర్రబడ్డాయి. ఆయన చెడ్డమనిషి కాదు. సర్క్యులర్ వచ్చినప్పటి నుంచీ ఆయనకి నీలాల వీధిలో నీళ్ళు కనపడ్డాయిగాని తాగేవాళ్ళు కనపడలేదు. గ్లాసు పక్కకి జరిపి, గొడుగైనా తీసుకోకుండా బయటికి నడిచారు. "ఆంజనేయప్రసాద్, మనుషుల్ని పిలు. పారలు పట్టుకుని రమ్మను" అన్నారు.

సాయంత్రానికల్లా నీలాల వీధి తవ్వారు. మంచినీళ్ళ పైపు మురుగుకాలువ మధ్యలోంచి వెళుతోంది. పైగా దానికి బెజ్జం. కొత్త పైపు వేసేదాకా కమిషనరుగారు వీధిలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. అక్కడికి తాగునీళ్ళ ట్యాంకరు తెప్పించారు. పిల్లకి మందులు మా ఆఫీసు తరఫునే వెళ్ళాయి. నాలుగో రోజున కుళాయిలో తేటగా నీళ్ళు వచ్చాయి. ఆయన గ్లాసు నింపుకుని అందరి ముందూ తాగారు. సూరమ్మ ఊరుకోలేదు, రెండో గ్లాసు పట్టింది.

ఇది ఊళ్ళో పాకిపోయింది. ఇప్పుడు టీచరుగారింటి అరుగు మీద జనమే జనం. "మా ఈదిలో నూకరాజుగారు స్వయంగా కాలవ తీత్తన్నట్టు గీయండమ్మా" అని ఒకరు, "మా వాడలో దీపాలు" అని ఒకరు. ఆవిడ గీశారు. అందగాళ్ళుగా, సన్నగా, చేతిలో పారలతో గీశారు. పోలియున్నదని సంఘం చేత రాయించుకున్నాకనే అచ్చుకి ఇచ్చారు. కాదంటే పని చెయ్యడం లేదని ఒప్పుకున్నట్టే గనక సభ్యులకి సంతకం పెట్టక తప్పేది కాదు. షెల్టరు నోరు రోడ్డువైపు తిరిగింది. ఇంజనీరుగారు మళ్ళీ కాజాలు పట్టుకెళ్ళి, "టీచరుగారూ, మీకు దణ్ణం పెడతాను, నన్ను పొగడకండి. పాత పద్ధతిలో రెండు తిట్లు తిట్టండి" అన్నారు. మనవరాలు ఇంటికి వచ్చిందని సూరమ్మ తెచ్చిచ్చిన ఇడ్లీలు ఆయనకే పెట్టి పంపించారు టీచరుగారు.

సంఘాన్ని కమిషనరుగారే రద్దు చేశారు. ముక్కుల నిబంధన పోయింది. మేకకి ఇబ్బంది తొలగింది. అయినా ఆయనకి నిద్ర పట్టడం లేదు. ఏ వారం ఏ మంచిపని చేస్తున్నట్టు గీస్తారో, దాన్ని నిజం చెయ్యడానికి ఎంత తవ్వాలో తెలియదు గదా! చివరికి, ఆరోగ్యరీత్యా కార్టూనిస్టు లేని ఏదైనా పట్టణానికి తనను బదిలీ చేయించవలసిందిగా సంచాలకులవారికి రాసుకున్నారు.

వారానికి జవాబొచ్చింది. నేనే విప్పి చదివాను. 'మన ప్రాంతమున కార్టూనిస్టు లేని పట్టణము ఒక్కటే కలదు. అచ్చటికి నేనే బదిలీ కోరుకొనియున్నాను. గడచిన వారము ఇచ్చట ఒక పత్రికలో నన్ను మిక్కిలి పొగడుచు బొమ్మ వేసిరి.'

కమిషనరుగారు ఆ కాగితం నా చేతిలోంచి తీసుకుని మరోసారి చదువుకున్నారు. ముందు మీసం కదిలింది. తరవాత భుజాలు కదిలాయి. ఆ తరవాత కుర్చీలో వెనక్కి పడి, కళ్ళ వెంట నీళ్ళు కారేలా నవ్వడం మొదలుపెట్టారు. అన్నేళ్ళ కొలువులో ఆయన నవ్వగా నేను వినడం అదే మొదలు. పక్కగదిలోంచి ఇంజనీరుగారు పరుగెత్తుకొచ్చి, కమిషనరుగారికేమయిందో తెలియక, డాక్టరుకి కబురు పెట్టారు.